కుక్కను తెచ్చుకునే ముందు: బ్రీడర్ దగ్గరకా, షెల్టర్‌కా?

పదకొండేళ్ల కిందట మా ఇంటికి ఒక లాబ్రడార్ పిల్ల వచ్చింది. నలభై అయిదు రోజుల పిల్ల అని చెప్పి ఇచ్చారు. ముప్పై రోజులు కూడా నిండలేదని మర్నాడు పశువైద్యుడు పళ్లు చూసి చెప్పారు. నాలుగో రోజు వాంతులు మొదలయ్యాయి, అయిదో రోజు రక్త విరేచనాలు. పార్వో అన్నారు, కుక్కపిల్లల పేగులను దెబ్బతీసే వైరస్ జబ్బు. వారం తిరగకముందే పోయింది. దానికి ఏ పేరు పెట్టాలో ఇంట్లో ఇంకా తేలనే లేదు. అమ్మిన వ్యక్తికి ఫోను చేస్తే "మా దగ్గర ఉన్నన్నాళ్లూ బాగానే ఉంది" అన్నాడు. అది అబద్ధం కాకపోవచ్చు. ఆ వైరస్ ఒంట్లో చేరాక మూడు నుంచి ఏడు రోజుల దాకా బయటపడకుండా ఉండగలదు. నా తప్పు వేరే చోట ఉంది. ఆ పిల్ల తల్లిని నేను చూడలేదు. చూపించమని అడగాలని నాకు తట్టనే లేదు.

తర్వాత దిక్కులేని కుక్కలకు ఆశ్రయమిచ్చే ఒక షెల్టర్ నుంచి రెండేళ్ల ఊరకుక్కను తెచ్చుకున్నాం. అది ఇప్పటికీ మాతోనే ఉంది. అప్పటి నుంచి కుక్కను తెచ్చుకోవాలనుకునే బంధువులకు, స్నేహితులకు చెబుతూ వచ్చిన మాటలనే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

కొనడమా, దత్తతా అని జనం వాదించుకుంటారు. నా దృష్టిలో మంచి బ్రీడరూ (అంటే జాతి కుక్కలను పెంచి పిల్లలను అమ్మే మనిషి) మంచి షెల్టరూ ఒకే గట్టున ఉంటారు. ఇద్దరూ కుక్క ఎక్కడి నుంచి వచ్చిందో దాచరు. ఇద్దరూ మిమ్మల్ని ప్రశ్నలతో విసిగిస్తారు. మీ వల్ల కాకపోతే దాన్ని వెనక్కి తీసుకుంటారు. అవతలి గట్టున ఉండేది డబ్బు చేతిలో పడగానే మిమ్మల్నీ కుక్కనూ మరచిపోయే మనిషి. ఆ మనిషి బ్రీడర్ పేరుతో ఉండవచ్చు, రెస్క్యూ పేరుతోనూ ఉండవచ్చు.

మొదటి అడుగు: పన్నెండేళ్ల లెక్క వేయండి

లాబ్రడార్ పది పన్నెండేళ్లు బతుకుతుంది. ఇంట్లో జాగ్రత్తగా పెరిగిన ఊరకుక్క ఇంకా ఎక్కువే బతకవచ్చు. ఇవాళ ఆరో తరగతిలో ఉన్న పిల్లవాడు ఉద్యోగం కోసం వేరే ఊరు వెళ్లేనాటికి ఆ కుక్క ముసలిదై మీ కాళ్ల దగ్గరే పడుకుని ఉంటుంది. అందుకే పిల్లల ముచ్చట కోసం తెచ్చే కుక్క నిజానికి పెద్దవాళ్ల కుక్క.

కుక్కను ఎంచుకోక ముందే దగ్గర్లోని పశువైద్యుడి దగ్గరకు ఒట్టి చేతులతో వెళ్లి మొదటి ఏడాది ఖర్చు ఎంత అవుతుందో అడగండి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై పదహారు వారాలు నిండే దాకా మూడు నాలుగు వారాలకోసారి టీకాలు, మూడు నెలలు దాటాక రేబిస్ టీకా, తొలి నెలల్లో తరచుగా నులిపురుగుల మందు, నెలనెలా పిడుదుల మందు, సంతాన నిరోధక శస్త్రచికిత్స. వీటి మొత్తం విన్నాక కూడా ఉత్సాహం తగ్గకపోతే ముందుకు వెళ్లండి.

తర్వాత ఇంట్లోవాళ్లందరినీ కూర్చోబెట్టి మాట్లాడండి. ఉదయం ఆరింటికి నడిపించేది ఎవరు? సంక్రాంతికి ఊరెళితే ఎవరి దగ్గర ఉంచుతారు? వంటింట్లోకి, దేవుడి గదిలోకి కుక్క రాకూడదని నానమ్మ అంటే ఆ గీత ఎక్కడ గీస్తారు? ఇలాంటి మాటలు ముందే తేలకపోతే, మూడో నెలలో కుక్క మేడ మీద గొలుసుకు చేరుతుంది. అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుదలను రాతపూర్వకంగా తీసుకోండి. అపార్ట్‌మెంట్ సంఘం అడ్డు చెబితే భయపడనక్కర లేదు. పెంపుడు జంతువులను నిషేధించే అధికారం సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే స్పష్టం చేసింది.

రెండో అడుగు: మన ఎండకు తట్టుకునే కుక్కేనా?

రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నాన్ని ఒకసారి తలచుకోండి. ఇప్పుడు మంచులో బండి లాగడానికి పుట్టిన సైబీరియన్ హస్కీని ఆ ఎండలో ఊహించుకోండి. దాని ఒంటి మీద రెండు పొరల బొచ్చు ఉంటుంది. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతుల కష్టం మరో రకం. కుక్క నోరు తెరచి వగర్చి ఒంటి వేడిని బయటకు పంపుతుంది. ఈ జాతులకు ఊపిరి దారే ఇరుకు. పగ్ గురక పెడుతుంటే ముద్దుగా ఉందని నవ్వుకుంటాం, చాలాసార్లు అది గాలి ఆడని బాధ. ఏసీ పెట్టి పెంచుతాం అంటారు కొందరు. కరెంటు పోయిన నాలుగు గంటల మాటేమిటి?

జాతి కుక్కే కావాలంటే మన నేల మీద పుట్టిన జాతులున్నాయి. కర్ణాటకలో ముధోల్, తమిళనాడులో రాజపాళయం, చిప్పిపారై, కన్ని. ముధోల్ హౌండ్, రాజపాళయం బొమ్మలతో 2005లో తపాలా బిళ్లలు కూడా వచ్చాయి. మనకూ ఒకటుంది, చాలామంది పేరు కూడా వినలేదు: జోనంగి. కొల్లేరు చుట్టుపక్కల, కృష్ణా, గోదావరి జిల్లాల్లో బాతుల మందలను తోలేవారి వెంట తిరిగిన కుక్క. నున్నని పొట్టి బొచ్చు. మామూలుగా మొరగదు, ఒక రకమైన రాగంతో కూత పెడుతుంది. బాతుల మందలు పోయి చేపల చెరువులు వచ్చాక దానికి పని లేకుండా పోయింది, సంఖ్య పడిపోయింది. అలాంటి జాతి నిలవాలంటే శ్రద్ధగా పెంచే బ్రీడర్లు ఉండి తీరాలి. బ్రీడర్లందరినీ ఒకే గాటన కట్టి తిట్టేవారితో నేను ఏకీభవించకపోవడానికి ఇదొక కారణం. అయితే ముధోల్, రాజపాళయం లాంటివి వేటకుక్కలు. వాటికి పరుగు కావాలి. రెండు పడకగదుల ఫ్లాటులో బంధిస్తే సోఫాను చీల్చేస్తాయి, తప్పు వాటిది కాదు.

మూడో అడుగు: మీ దారి ఏది?

నా అభిప్రాయం ముందే చెబుతాను. మన నగరాల్లో తొలిసారి కుక్కను పెంచే కుటుంబాలలో ఎక్కువ మందికి సరైనది, షెల్టర్‌లోనో తాత్కాలికంగా ఆశ్రయం ఇచ్చిన ఇంట్లోనో కొన్ని వారాలు గడిపిన ఒకటి నుంచి నాలుగేళ్ల లోపు కుక్క. ఎంత పెరుగుతుందో, ఎలాంటి స్వభావమో అప్పటికే తెలిసిపోయి ఉంటుంది. రాత్రి మూడింటికి లేపదు. పళ్లు వచ్చేటప్పుడు చెప్పులు కొరికే దశ దాటిపోయి ఉంటుంది. కుక్కపిల్ల మాత్రం సీల్ వేసిన కవరు లాంటిది, లోపల ఏముందో ఏడాదికి గానీ తెలియదు.

బ్రీడర్ దారి ఎవరికి? ఒక నిర్దిష్టమైన పనికి, అంటే మందను కాయడానికో వాసన పట్టే శిక్షణకో కుక్క కావలసినవారికి. దేశీ జాతిని నిలబెట్టాలని నిజంగా పూనుకున్నవారికి. ఒక జాతి స్వభావం తెలిసి, దాని తల్లిదండ్రుల ఆరోగ్యం చూసుకుని, నెలల తరబడి ఎదురుచూడగలిగేవారికి. ఎదురుచూడలేనివారు ఈ దారిలో వెళ్లకూడదు, ఎందుకంటే మోసం ఆ తొందర దగ్గరే మొదలవుతుంది.

లాబ్రడార్ అంటే ఇష్టమని చెప్పి నేరుగా బ్రీడర్ దగ్గరకు పరుగెత్తేవారికి ఒక మాట. షెల్టర్లలో ఊరకుక్కలే ఉంటాయనుకోవద్దు. యజమానులు ఊరు మారినప్పుడు, బిడ్డ పుట్టినప్పుడు వదిలేసిన లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు, హస్కీలు అక్కడ ఉంటాయి. ఒకసారి వెళ్లి చూశాక నిర్ణయించుకోండి.

నాలుగో అడుగు: బ్రీడర్‌ను పరీక్షించడం

ముందు చట్టం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద 2017లో కుక్కల పెంపకం, అమ్మకాల నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు కావాలి, ఆ పత్రాన్ని అందరికీ కనబడేలా పెట్టాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆడకుక్కను పద్దెనిమిది నెలలు నిండకముందు జత కట్టించకూడదు. ఏడాదికి ఒకటికి మించి, జీవితంలో అయిదుకు మించి కాన్పులు ఉండకూడదు. మీరు ఫోనులో అడగవలసిన మొదటి ప్రశ్న "ఎంత?" అని కాదు, "మీ నమోదు పత్రం పంపుతారా?" అని. సగం మంది అక్కడే ఫోను పెట్టేస్తారు, మీకు అంత మేలు.

రెండో ప్రశ్న: తల్లిని చూడవచ్చా? పుట్టిన చోటే, పిల్లలతో కలిపి. "తల్లి వేరే ఫారంలో ఉంది", "కొత్తవాళ్లు వస్తే కంగారు పడుతుంది", "ట్రాఫిక్‌లో మీరెందుకు, మేమే మెట్రో స్టేషన్ దగ్గరకు తెస్తాం", "బస్సులో పార్సిల్ వేస్తాం" అనే జవాబుల్లో ఏది వచ్చినా మాట అక్కడితో ముగించండి. ఇంగ్లండులో ఇది చట్టమే అయింది. 2020 ఏప్రిల్ 6 నుంచి అక్కడ ఆరు నెలల లోపు పిల్లను దుకాణాలూ దళారులూ అమ్మడానికి లేదు. పుట్టిన చోట తల్లితో కలిపి చూపించి బ్రీడరే నేరుగా అమ్మాలి, లేదా షెల్టర్ నుంచి దత్తత తీసుకోవాలి. అక్కడ స్థిరపడిన మనవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఇక్కడ అంత కట్టుదిట్టమైన నియమం లేదు కాబట్టి మనమే పట్టుబట్టాలి.

వెళ్లినప్పుడు తల్లి వైపు ఎక్కువసేపు చూడండి. బొచ్చు పలచబడి కొంచెం చిక్కి ఉండటం సహజం, పిల్లలకు పాలిస్తోంది కదా. కానీ యజమాని చేయి లేస్తే ముడుచుకుపోతోందా? మీ చేయి వాసన చూడటానికి తనంతట తాను వస్తోందా? తల్లి పిరికితనం పిల్లలకు పుట్టుకతోనూ వస్తుంది, చూసి నేర్చుకోవడం వల్లనూ వస్తుంది. మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా పిల్ల మెదడు ప్రపంచాన్ని నేర్చుకునే కాలం. కుక్కర్ విజిల్, మనుషుల గొంతులు, చీపురు చప్పుడు వింటూ ఇంట్లో పెరిగిన పిల్లకూ, షెడ్డులో ఇనుప బోనులో పెరిగిన పిల్లకూ ఈ విషయంలో ఉండే తేడాను తర్వాత ఎంత శిక్షణ ఇచ్చినా పూర్తిగా పూడ్చలేం.

పిల్లలను చూడటం అంత కష్టం కాదు. కళ్లలో పుసి, ముక్కు కారడం, మిగతా ఒళ్లు బక్కగా ఉండి పొట్ట మాత్రం ఉబ్బి ఉండటం (నులిపురుగులు), పాలిపోయిన చిగుళ్లు, నేల మీద నీళ్ల విరేచనం. వీటిలో ఏది కనబడినా ఏ పిల్లనూ ముట్టుకోకుండా బయటకు రండి. జాలిపడి ఆ నీరసపు పిల్లను కొనేయాలనిపిస్తుంది. ఆ డబ్బుతో అతను మరో కాన్పు చేయిస్తాడు. జాలి ఉంటే జంతు సంక్షేమ సంస్థకు ఫిర్యాదు చేయండి.

ఇక కాగితాలు. చెన్నై కేంద్రంగా పనిచేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే పత్రాన్ని చాలామంది ఆరోగ్య హామీ అనుకుంటారు. అది వంశావళి మాత్రమే. అందులో తండ్రి వైపూ తల్లి వైపూ ఒకే పేరు మళ్లీ మళ్లీ కనబడుతోందేమో చూడండి. కనబడితే దగ్గరి రక్తసంబంధంలో కలిపారని అర్థం. ఆరోగ్యం తెలియాలంటే తల్లిదండ్రుల పరీక్షలు అడగాలి. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ అయితే తుంటి కీళ్ల ఎక్స్‌రే నివేదికలు కావాలి. ఈ జాతుల్లో తుంటి కీలు సరిగ్గా కూర్చోని లోపం వంశపారంపర్యంగా వస్తుంది. "మా కుక్కలకు ఏ రోగమూ లేదు" అన్న మాట నివేదిక కాదు. పత్రంలోని మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) సంఖ్యను రీడర్‌తో తల్లి ఒంటి మీద సరిచూడమని అడగండి. మంచి బ్రీడర్ సంతోషంగా చూపిస్తాడు.

అన్నీ బాగున్నాయి, కానీ అతను మిమ్మల్ని ఏమీ అడగలేదా? మీ ఇల్లు ఎంత, పగలు ఇంట్లో ఎవరుంటారు, ఇదివరకు కుక్కను పెంచారా అని ఒక్క మాటైనా అనలేదా? అయితే అతనికి ఆ పిల్ల సరుకే.

అయిదో అడుగు: షెల్టర్‌ను పరీక్షించడం

హైదరాబాద్‌లో 1992లో అక్కినేని అమల స్థాపించిన బ్లూ క్రాస్, విశాఖపట్నంలో వీఎస్‌పీసీఏ లాంటి పాత జంతు సంరక్షణ సంస్థలు ఉన్నాయి. ఇళ్లలోనే కుక్కలను ఉంచి దత్తత ఇప్పించే వాలంటీర్లు ప్రతి నగరంలోనూ ఉన్నారు. జీహెచ్ఎంసీ కూడా 2025లో వీధి కుక్కపిల్లల దత్తత కార్యక్రమం నిర్వహించింది. మంచి మనసు ఉన్నంత మాత్రాన మంచి పద్ధతి ఉండాలని లేదు కాబట్టి ఇక్కడా అడగవలసినవి ఉన్నాయి.

ఈ కుక్క మీ దగ్గరకు ఎలా వచ్చింది, ఎన్నాళ్లయింది? కొత్తగా వచ్చినవాటిని రెండు వారాలైనా విడిగా ఉంచుతారా? పిడుదుల వల్ల వచ్చే జ్వరానికి రక్తపరీక్ష చేశారా? మన దగ్గర అది చాలా మామూలు జబ్బు, పైకి ఏమీ కనబడకుండా రక్తకణాలను తినేస్తుంది. టీకాల పుస్తకం ఉందా? సంతాన నిరోధక శస్త్రచికిత్స అయిందా? వీధి నుంచి పట్టి శస్త్రచికిత్స చేసిన కుక్కకు చెవి అంచున చిన్న కోత పెడతారు. ఆ గుర్తు చూసి గాయమనుకుని వెనక్కి తగ్గేవారుంటారు, నిజానికి అది మంచి గుర్తు.

స్వభావం గురించి అడిగేటప్పుడు "మంచిదేనా?" అని అడగకండి, మంచిదనే చెబుతారు. తింటున్నప్పుడు గిన్నె దగ్గరకు వెళితే ఏం చేస్తుంది, ఒంటరిగా రెండు గంటలు వదిలితే ఏం చేస్తుంది, దీపావళి రాత్రి ఎలా గడిచింది అని అడగండి. సమాధానంలో ఒకటో రెండో లోపాలు కూడా వినబడితే ఆ సంస్థను నమ్మవచ్చు. కనీసం రెండుసార్లు వెళ్లండి. ఒకసారి దానితో కలిసి బయట వీధిలో నడవండి. షెల్టర్ గోలలో బెదిరిపోయి మూలన కూర్చున్న కుక్క, గేటు దాటాక తోక ఊపుతూ మరో కుక్కలా మారిపోవడం నేను కళ్లారా చూశాను. చిన్నపిల్లలు ఉంటే వాళ్లనూ తీసుకెళ్లండి. వీలైతే పది రోజులు తాత్కాలికంగా ఉంచుకుంటామని అడగండి, చాలా చోట్ల ఒప్పుకుంటారు.

దత్తత పేరుతో వ్యాపారం చేసేవారిని గుర్తుపట్టడానికి ఒక కిటుకు ఉంది. వాళ్ల దగ్గర ఎప్పుడూ జాతి కుక్కల చిన్న పిల్లలే ఉంటాయి, పెద్ద కుక్క ఒక్కటీ ఉండదు. "దత్తత రుసుము" ముందే పంపమంటారు, చిరునామా మాత్రం చెప్పరు. నిజమైన సంస్థ టీకాల ఖర్చు వరకు అడిగితే తప్పు లేదు. వాళ్లు మీ ఇల్లు చూడటానికి వస్తామంటే చిన్నబుచ్చుకోకండి. మన ఆడపిల్లకు సంబంధం చూసేటప్పుడు మనం విచారించమా?

ఆరో అడుగు: కుక్క మీ గుమ్మానికే వస్తే

మన దగ్గర చాలా కుక్కలు ఈ మూడో దారిలోనే ఇళ్లలోకి వస్తాయి. వీధిలో పిల్లలు కనబడగానే ఎత్తుకొచ్చేయకండి. తల్లి ఆరోగ్యంగా ఉండి చూసుకుంటుంటే తల్లికి అన్నం పెట్టండి, ఎనిమిది వారాలు నిండాక పిల్లను తెచ్చుకోండి. తల్లి చనిపోయినా, పిల్ల గాయపడినా ఆగనక్కర లేదు. తెచ్చిన రోజే పశువైద్యుడికి చూపించండి. పిల్ల కరిచినా గోరు గీసినా, ఆ చోటును సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు మనుషుల ఆసుపత్రికి వెళ్లండి. చిన్నపిల్లే కదా అని ఊరుకోకండి, రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దానికి వైద్యం లేదు.

మీ ఇంట్లో ఇదివరకు పార్వోతో కుక్క పోయి ఉంటే, ఏ దారిలోనైనా టీకాలు పూర్తికాని పిల్లను ఏడాది పాటు తేవద్దు. ఆ వైరస్ మట్టిలో, గచ్చు పగుళ్లలో నెలల తరబడి బతికి ఉంటుంది. టీకాలన్నీ పూర్తయిన పెద్ద కుక్కను తెచ్చుకోండి. మేము అదే చేశాం.

ఏడో అడుగు: రాతపూర్వక ఒప్పందం

ఎవరి దగ్గర తెచ్చుకున్నా ఒక కాగితం ఉండాలి. అందులో కుక్క గుర్తులు, పుట్టిన తేదీ లేదా అంచనా వయసు, వేసిన టీకాలు, తొలి రోజుల్లో జబ్బు బయటపడితే ఎవరి బాధ్యత ఎంత, శస్త్రచికిత్స ఎప్పుడు అన్నవి రాసుకోండి. అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం ఒకటుంది. పెంచలేని పరిస్థితి వస్తే కుక్కను తిరిగి వాళ్లకే అప్పగిస్తామని మీరు, ఎప్పుడైనా తీసుకుంటామని వాళ్లు రాయాలి. ఆ వాక్యం దగ్గర నసిగేవారి నుంచి కుక్కను తీసుకోకండి. పెంపుడు జంతువును రోడ్డు మీద వదిలేయడం మన చట్టం ప్రకారం నేరం.

ఎనిమిదో అడుగు: మొదటి వారం

రెండు రోజుల లోపు మీ పశువైద్యుడికి చూపించండి. ఆహారాన్ని ఒక్కసారిగా మార్చకండి. ఇదివరకు తిన్నదే పెడుతూ వారం రోజుల్లో నెమ్మదిగా మార్చండి. పురపాలక సంస్థ లైసెన్సుకు దరఖాస్తు చేయండి, రేబిస్ టీకా పత్రం కావాలి.

బంధువులను అప్పుడే పిలవకండి. షెల్టర్ నుంచి వచ్చిన పెద్ద కుక్క మొదటి మూడు రోజులు తినకపోవచ్చు, మంచం కింద నుంచి రాకపోవచ్చు. ఇంటి వేళలు అలవాటు కావడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లే అని నమ్మడానికి మూడు నెలలు పడుతుందని షెల్టర్లలో చెబుతారు. మా దానికి నాలుగు నెలలు పట్టింది. చిన్నపిల్ల అయితే మొదటి రాత్రి ఏడుస్తుంది. ఎనిమిది వారాలు తల్లి ఒంటి వెచ్చదనంలో పడుకున్న ప్రాణం అది. బ్రీడర్‌నో షెల్టర్‌నో అడిగి తల్లి పడుకున్న గుడ్డ ముక్కను తెచ్చుకోండి. దాన్ని పక్కలో వేసి, మీరూ పక్కనే చాప పరుచుకుని పడుకోండి. అర్ధరాత్రి మూలిగినప్పుడు చేయి చాచి దాని వీపు మీద ఉంచితే చాలు.